అడుగు పలక

ఆ వేసవిలో మా మోటారు పడవని అమ్మకానికి పెట్టినప్పుడు దాన్ని చూడడానికి ముగ్గురు వచ్చారు. మొదటి ఇద్దరూ అందరూ చూసినట్టే చూశారు. చుట్టూ ఒకసారి తిరిగి, ఇంజను ఆడించి, పొగ రంగు చూసి, మా నాన్నతో కూర్చుని టీ తాగి, ధర దగ్గర నసిగి వెళ్ళిపోయారు. మూడో మనిషి నలభై అయిదేళ్ళ ఆడమనిషి. ఆవిడ వస్తూనే సంచిలోంచి ఒక కొయ్య సుత్తి తీసింది.

పడవని ఏటి ఒడ్డున దుంగల మీదికి ఎక్కించి పెట్టాం. అంతకు ముందు నెలే మా అన్నయ్య దానికి కొత్త రంగు వేశాడు. పైన తెలుపు, నడుమున నీలం గీత, అడుగున నల్లగా తారు. ఎండలో కన్ను నిలవకుండా మెరుస్తోంది. ఆవిడ ఆ మెరుపు వైపు చూడనైనా లేదు. పడవ ముక్కు దగ్గర గొంతుక్కూర్చుని, ఒక్కో పలకనీ టక్ టక్‌మని తట్టి, చెవి ఆనించి విని, జానెడు జరిగి మళ్ళీ తట్టడం మొదలుపెట్టింది. గంట గడిచినా సగం పడవ దాటలేదు.

నాన్న కుర్చీ వేయించుకుని నీడలో కూర్చున్నాడు. రెండేళ్ళ కిందట ఆయనకి కుడి పక్క పడిపోయింది. కాలు కొంత తిరిగొచ్చింది గాని చెయ్యి రాలేదు. మాట కూడా నాలుగు ముక్కలయ్యేసరికి నోట్లో ముద్ద అయిపోయేది. అంతకు ముందు ఇరవై రెండేళ్ళు ఆయన ఆ పడవని ఈ రేవు నుంచి అవతలి ఒడ్డుకి రోజుకి పన్నెండు సార్లు నడిపాడు. రేవులో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు, డ్రైవరుగారనే అంటారు. ఆయన పడవెక్కితే చెప్పు కూడా తడవదని చెప్పుకునేవారు. అలాంటి మనిషి పడవని ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ వచ్చి పుచ్చకాయని తట్టినట్టు తడుతుంటే నాకు ఒళ్ళు మండుకొచ్చింది.

"ఏమండీ, ఇంకెంతసేపు?" అన్నాను.

"ఎంతసేపు పడితే అంతసేపమ్మా."

"ఇరవై రెండేళ్ళు మా నాన్న నడిపిన పడవ ఇది. ఈ రేవులో ఎవర్నైనా అడగండి, చెబుతారు."

"అడిగాను. అందరూ ఆయన మాట చెబుతున్నారు గాని పడవ మాట ఎవరూ చెప్పట్లేదు." ఆవిడ మోకాలికంటిన మట్టి దులుపుకుంది. "నాకు ఆయన మీద అనుమానమేం లేదు. ఎగువన నాకు రెండు పడవలున్నాయి, రోజూ జనాన్ని ఎక్కిస్తాను. మనుషులకి మొహమాటం ఉంటుంది, చెక్కకి ఉండదు. అందుకని చెక్కనే అడుగుతాను."

అన్నయ్య తాడు చుడుతూ ఓ పక్కన నిలబడ్డాడు. "ఇవాళ్టికి చాలు లెండి, ఎండెక్కింది," అన్నాడు. ఆవిడ సరేనని సుత్తి సంచిలో పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ, "ఎల్లుండి వస్తాను. లోపల నడక పలకలు తీసి ఉంచండి, అడుగు చూడాలి," అంది.

"అవి మేకులు కొట్టేసినవి. తియ్యడం కుదరదు," అన్నాడు అన్నయ్య.

"పడవలో నడక పలకలకి మేకులు కొడతారా ఎవరైనా?" అని ఆవిడ నవ్వింది. నాన్న కుర్చీలోంచే, "తీ... తీసి పెడతాడమ్మా. దాచేదేముంది," అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను, సుత్తావిడ ఒకావిడ దాపురించిందని. అమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఎక్కడెక్కడ తట్టింది?" అని అడిగింది. అంత ఎండలో నిలబడొచ్చిన చిరాకులో ఆ ప్రశ్న నాకు వింతగా అనిపించలేదు.

నేనూ, ఏడేళ్ళ నా కూతురూ అప్పట్లో అమ్మావాళ్ళింట్లోనే ఉండేవాళ్ళం. మా ఆయన దూరంగా రోడ్ల పనిలో ఉండేవాడు. అవతలి ఒడ్డున మందుల దుకాణంలో నా ఉద్యోగం, దాని వెనక వీధిలో పాప బడి. రేవులో ఇంకో పడవ ఉన్నా, పొద్దున్నే ఇద్దరం మా పడవలోనే వెళ్ళేవాళ్ళం. నాన్న పడిపోయాక అన్నయ్య నడిపేవాడు. ఆ వేసవి మొదట్లో అతనికి ఒక లారీ కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది, వానలకి ముందే చేరమన్నారు. పడవ అమ్మేద్దామని పట్టుబట్టింది అతనే. రంగు వేసిన రోజున నాన్న మురిసిపోయి, "చూడవే, అమ్మేముందు కూడా వాడు దానికి కొత్తబట్టలు కట్టాడు," అన్నాడు నాతో. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా నాకు చెంపలు వేడెక్కుతాయి.

సుత్తావిడ అన్న రోజుకి అన్న వేళకి వచ్చింది. నడక పలకలు తీసి ఉన్నాయి, నాన్న దగ్గరుండి తీయించాడు. ఆవిడ టార్చి నోట కరుచుకుని ఇంజను పక్క సందులోకి పాములా దూరింది. లోపల్నుంచి టక్ టక్‌మని చప్పుడు. నేను పడవ అంచు పట్టుకుని పైనుంచి చూస్తున్నాను. ఈ పూట తేల్చి పంపేద్దామని నాలుగు మాటలు కూడబలుక్కునే వచ్చాను.

టక్, టక్, టక్. తర్వాత, దబ్.

నాకు పడవ పని రాదు. అయినా ఆ తేడా నాకూ తెలిసింది. గట్టి తలుపు కొడుతూ కొడుతూ పరుపు మీద కొట్టినట్టుంది. ఆవిడ ఆగింది. మళ్ళీ అక్కడే కొట్టింది. దబ్. నేను తలెత్తి అన్నయ్య వైపు చూశాను. అతను చుట్టేసిన తాడునే విప్పి మళ్ళీ చుడుతున్నాడు.

"ఇలా దిగు అమ్మాయ్," అంది ఆవిడ నెమ్మదిగా.

దిగాను. వెనక బల్ల కింద, ఎడమ పక్క అడుగు పలక. ఆవిడ సన్నటి ఇనప ఊచ ఒకటి దాని మీద పెట్టి బొటనవేలితో నొక్కింది. వెన్నలోకి దిగినట్టు దిగింది. బయటికి లాగితే దాని కొసకి తెల్లటి లప్పం, దాని వెనకే కుళ్ళిన చెక్క పొడి నల్లగా, తడిగా వచ్చాయి. ఆవిడ చాకుతో తారు గీరింది. దాని కింద కంచమంత రేకు ముక్క. చుట్టూ వరసగా చిన్న మేకులు.

"పలక పగిలింది. రేకు కొట్టి, లప్పం పూసి, పైన తారు దట్టించారు," అందావిడ. "ఇది మొన్న మొన్న చేసింది కాదు. రేకుకి తుప్పు చూడు. దీనితోనే నాలుగైదు నెలలు నీళ్ళలో తిరిగింది."

"అలా అయ్యుండదండీ. ఇందులో ప్రతిసారీ ఇరవై మంది..."

"ఈ బల్ల మీద ఎవరు కూర్చునేవాళ్ళు?"

ఆ బల్ల మీద మా పాప కూర్చునేది. చలికాలం పొద్దుటి పూట ఇంజను వేడి తగులుతుందని నేనే అక్కడ కూర్చోబెట్టేదాన్ని.

ఆవిడ నా మొహం చూసి ఇంకేం అడగలేదు. "డ్రైవరుగారికి తెలుసా?" అని మాత్రం అంది. తెలియదన్నాను. "అయితే మీరు మీరు మాట్లాడుకోండి. నేను రేపొచ్చి కనబడతాను," అని సామాను సర్దుకుంది. నీడలో కూర్చున్న నాన్న, "ఎలా ఉందమ్మా?" అని కేకేస్తే, "చూస్తున్నానండీ, ఇంకా ఉంది," అని చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయింది. కూడబలుక్కున్న నాలుగు మాటలూ నా నోట్లోనే ఉండిపోయాయి. వాటిని అనాల్సింది ఆవిడని కాదని తెలిసింది.

ఇంటికి రాగానే వంటింటి తలుపు దగ్గరగా వేసి అన్నయ్యని నిలదీశాను. అమ్మ పొయ్యి దగ్గరుంది. నాన్న ముందు గదిలో నడుం వాల్చాడు.

"ఎప్పుడు పగిలింది?"

"ఏంటి పగిలేది?"

"చంపేస్తాను. ఎప్పుడు?"

అతను గోడకి ఆనుకున్నాడు. "చలికాలంలో. పాత వంతెన మొండి ఉంది కదా, నీళ్ళు తగ్గితే పైకి తేలుతుంది. మంచులో కనపళ్ళేదు. తగిలింది."

"అప్పుడు పడవలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. అటునుంచి ఖాళీగా వస్తున్నాను."

"మర్నాడు ఎవరున్నారు?"

అతను పొయ్యి వైపు చూశాడు.

"మర్నాడు నేనున్నాను. పాప ఉంది. కూరగాయలామె ఉంది. ఆ మర్నాడూ ఉన్నాం. నాలుగు నెలలున్నాం."

"పలక మార్చాలంటే పది రోజులు పడవ ఆపాలి. ఆపితే ఎందుకని నాన్న అడుగుతాడు. ఏం చెప్పను? ఇరవై రెండేళ్ళలో ఆయన చేతిలో గీత పడలేదు, నా చేతికి ఏడాదిన్నరకే చిల్లు పడిందని చెప్పనా? రేకు గట్టిగానే కొట్టాను. రోజూ తెల్లవారకముందే వెళ్ళి నీళ్ళు తోడి పోసేవాణ్ణి. మీకు తెలుసా నేనెంత..." మొహం తుడుచుకుని, "అయినా ఏమీ కాలేదుగా!" అన్నాడు.

ఏమీ కాలేదుగా! కాలేదు కాబట్టి నేనిక్కడ నిలబడి అరుస్తున్నాను, అయ్యుంటే అరిచేందుకు ఎవరుండేవారు? ఆ మాటే అన్నాను. అనడం కాదు, అరిచాను.

"నెమ్మదిగా! నాన్న వింటారు," అంది అమ్మ.

ఆమె గొంతులో ఆశ్చర్యం లేదు. అప్పుడు తిరిగి చూశాను ఆమె వైపు. "నీకు తెలుసా?"

అమ్మ గరిటె కింద పెట్టింది. "జరిగిన వారానికి చెప్పాడు. ఏడ్చాడు కూడా. వాడేం కావాలని గుద్దాడా? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందే. ఆయనకి తెలిస్తే ఆ ఉన్న పక్క కూడా పడిపోతుంది."

"నీ మనవరాలు అందులో కూర్చునేదమ్మా!"

"అందుకేగా రోజూ గుమ్మంలో నిలబడి దణ్ణం పెట్టుకునేదాన్ని!"

నిజమే. ఆ చలికాలమంతా మేం బయల్దేరితే అమ్మ గుమ్మంలోకొచ్చి, పడవ అవతలి ఒడ్డు చేరేదాకా నిలబడి ఉండేది. మా మీద అంత బెంగ పెట్టుకుందని నేను దుకాణంలో పదిమందికి గొప్పగా చెప్పుకున్నాను కూడా. నోరు తెరిచి ఒక్క మాట, 'వద్దే, ఇవాళ ఆ రెండో పడవెక్కు' అన్న మాట, చెప్పి ఉంటే సరిపోయేది. ఆ మాట చెప్పకుండా చేతులు జోడించింది.

"రేపు నాన్నకి చెబుతాను," అన్నాను.

"చెప్పావంటే ఈ ఇంట్లో నీకూ నాకూ మాటల్లేవు," అంది అమ్మ. చూడండి న్యాయం! చిల్లు పెట్టినవాడికి ఓదార్పు, చిల్లుందన్నదానికి వెలి.

మర్నాడు పొద్దున్నే నాన్న ఇస్త్రీ చొక్కా వేయించుకుని, డ్రైవరు టోపీ పెట్టుకుని తయారయ్యాడు. పడవని నీళ్ళలోకి దింపి సుత్తావిడకి చూపించాలని, తను కూడా ఎక్కాలని ఆయన ఆశ. రెండేళ్ళయింది ఆయన ఏటి మీదికి వెళ్ళి. రేవు మెట్లు ఒక్కొక్కటే దిగి వచ్చాడు. ఆవిడ అప్పటికే వచ్చి ఉంది. అన్నయ్య పడవ పక్కన ఉన్నాడు. నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు, వద్దు వద్దని.

"దింపరా," అన్నాడు నాన్న.

"దింపకూడదు నాన్నా," అన్నాను. "దాని అడుగు పగిలి ఉంది. చలికాలంలో అన్నయ్య వంతెన మొండికి కొట్టాడు. రేకు వేసి నడిపాడు. నిన్న ఈవిడ చూపిస్తే నేనూ చూశాను."

రాత్రంతా ఇంకా మెత్తగా ఎలా చెప్పాలా అని ఆలోచించాను. నోరు తెరిచేసరికి ఇలాగే వచ్చింది.

నాన్న మొహం ఎర్రబడింది. కోపం ఎవరి మీద పడిందనుకున్నారు? నా మీదే. "బయటి... బయటి మనిషి ముందా? ఇంటి పరువు... నువ్వు..." మాట తిరగలేదు. టోపీ తీసి నా మీదికి విసిరాడు. ఎడమ చేత్తో విసిరిన టోపీ, నా దాకా రాకుండా మెట్ల మీదే పడింది. తర్వాత అన్నయ్య వైపు తిరిగాడు. "అబద్ధమని చెప్పరా."

అన్నయ్య తల దించుకున్నాడు.

"చెప్పరా!"

నాన్న కాలీడ్చుకుంటూ పడవ దగ్గరికి నడిచాడు. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించాడు. పడవ పక్కన కూలబడి, కింది నుంచి ఎడమ చెయ్యి చాచి, తారు మీద పలక వెంబడే తడుముకుంటూ వెనక్కి వెళ్ళాడు. ఎక్కడుందో మేం ఎవరం చెప్పలేదు. అక్కడికి వచ్చేసరికి ఆయన చెయ్యే ఆగింది. బొటనవేలితో నొక్కాడు. చెయ్యి బయటికి తీసుకుని, గోరులో ఇరుక్కున్న లప్పాన్ని చాలాసేపు చూసుకున్నాడు.

కేకలు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. "పైకి లేపమ్మా," అన్నాడు. నన్ను కాదు, సుత్తావిడని. ఆవిడ లేపి నిలబెట్టింది.

"ఈ పడవ ఇప్పుడు అమ్మను," అన్నాడు.

"మిగతా పలకలన్నీ గట్టివండీ. మీరు చూసుకున్న పడవ అని తెలుస్తూనే ఉంది. అడుగు నేను మార్పించుకుంటాను," అందావిడ.

"నేను మార్చాకే ఇస్తాను. అప్పుడు... అప్పుడొచ్చి మళ్ళీ తట్టుకో."

"తట్టకుండా తీసుకుంటానా?" అందావిడ. నాన్న మూతి ఒక పక్కకి కొద్దిగా కదిలింది. అది నవ్వో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

అడుగు విప్పడానికి వడ్రంగులు వచ్చారు. ఇంట్లో అమ్మ నాతో మాట్లాడడం మానేసింది. కంచం పెట్టి చప్పుడయ్యేలా నెట్టేది. అన్నయ్య పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేవాడు. నాన్న నా మీదికి టోపీ విసిరిన సంగతి గురించి ఒక్క మాట అనలేదు. నాలుగో రోజు పొద్దున మాత్రం నేను ఒంటిపూట బడికి పాపకి జడ వేస్తుంటే వచ్చి, "నన్నూ రేవుకి తీసుకెళ్ళు," అన్నాడు.

ఎందుకో చెప్పలేదు. తీసుకెళ్ళాను. రెండో పడవ ఎక్కడానికి జనం మెట్ల మీద నిలబడి ఉన్నారు, అంతా మా పడవలో తిరిగినవాళ్ళే. నాన్న పై మెట్టు మీద నిలబడి, కర్ర మీద బరువానించి, ముందున్న గుమాస్తాగారితో మొదలుపెట్టాడు. "చలికాలం నుంచీ... మా పడవకి అడుగు పగిలి ఉంది. చెప్పకుండా మిమ్మల్ని ఎక్కించాం. తప్పు మాది."

గుమాస్తాగారు చుట్టూ చూసి ఇబ్బందిగా నవ్వాడు. "పోనివ్వండి డ్రైవరుగారూ, ఏమీ కాలేదు కదా. ఇప్పుడవన్నీ ఎందుకు?"

మా అన్నయ్య అన్న మాటే! ఆ పెద్దమనిషి చొక్కా పట్టుకుని ఊపెయ్యాలనిపించింది. నీ ప్రాణానికి నీకే లెక్కలేకపోతే మా నాన్న ఎండలో నిలబడి ఎందుకయ్యా చెబుతున్నాడు?

అందరూ అలా అనలేదు. కూరగాయలామె గంప కింద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని, మా ఇంటిల్లిపాదినీ పేరుపేరునా దులిపేసింది. తనకి ఇద్దరు పిల్లలున్నారంది. ఈత రాదంది. మీ మొహాలు చూసి ఎక్కాను గాని పడవని చూసి ఎక్కానా అంది. నాన్న తల వంచుకుని మొత్తం విన్నాడు. నాకైతే ఆమె కాళ్ళకి మొక్కాలనిపించింది. ఇంటా బయటా సరిగ్గా కోపం తెచ్చుకున్న మనిషి ఆమె ఒక్కతే.

మర్నాడూ రేవుకి వెళ్ళాం. సాయంత్రానికి ఊళ్ళో సగం మందికి తెలిసిపోయింది. "ఉన్న ఒక్క పరువూ మెట్ల మీద పెట్టి పంచిపెడుతున్నారు తండ్రీ కూతుళ్ళు," అంది అమ్మ, గోడకి చెబుతున్నట్టు. పెళుసుగా ఏదో అనబోయి ఆగాను. ఆ పూట నాన్న రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నాడు. ఆయన అలసట చూస్తే భయమేసింది.

రేవుకి వెళ్ళిన మూడో రోజు నాన్న మాట బాగా తడబడింది. సైకిలు చేత్తో నడిపించుకుంటూ ఒకతను మెట్ల దగ్గరికొచ్చాడు. బీరువాల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. "చలి... చలికాలం..." అని నాన్న రెండుసార్లు మొదలుపెట్టి, మూడోసారి గాలి తప్ప ఇంకేం రాక ఆగిపోయాడు. అతను అర్థం కాక నా వైపు చూశాడు. నేను చెబుదామని ముందుకి జరిగేలోపు వెనక నుంచి అన్నయ్య గొంతు వినబడింది. ఎప్పుడొచ్చాడో తెలియదు.

"చలికాలంలో పడవని నేను వంతెన మొండికి కొట్టాను. అడుగు పగిలింది. పగిలిందని నాకు తెలుసు. తెలిసే మిమ్మల్ని ఎక్కించాను. నాన్నకి తెలియదు."

నాన్న మూడు రోజులుగా 'మేం' అంటూ వచ్చాడు. అన్నయ్య 'నేను' అన్నాడు.

సైకిలతను సైకిలుకి స్టాండు వేశాడు. "ఏ నెల?" అని అడిగాడు. అన్నయ్య చెప్పాడు. అతను వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"మా ఆవిడ పురిటి నుంచి వస్తే ఆ పడవలోనే తీసుకొచ్చాను. పద్దెనిమిది రోజుల పసిగుడ్డు. బిడ్డని నువ్వే అందుకుని, మా ఆవిడని లోపల కూర్చోబెట్టావు. గుర్తుందా?"

"గుర్తుంది," అన్నాడు అన్నయ్య.

అతను చెయ్యెత్తుతాడేమో అనుకున్నాను. ఎత్తలేదు. సైకిలు తిప్పుకుని, ఆ పూట పనికే వెళ్ళకుండా వచ్చిన దారినే వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు. ఇంటికి వెళ్తున్నాడని తెలుస్తూనే ఉంది. అన్నయ్య అతను మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

నా కోపం పోయిందా అంటే పోలేదు. ఆ చలికాలపు పొద్దుళ్ళలో, పాప ఆ బల్ల మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ ఎక్కాలు చదువుకోవడం కళ్ళ ముందుకొచ్చినప్పుడల్లా అది కొత్తగా పుడుతుంది. పోవాలని కూడా నేను కోరుకోలేదు. కాని నాన్నకీ నాకూ మధ్య పాప బడి సంచి పెట్టి ఉంది. దాన్ని తీసి భుజానికి తగిలించుకుని, ఒక మెట్టు కిందికి దిగాను. అన్నయ్య వచ్చి ఆ చోట్లో నిలబడ్డాడు. నాన్న అతని వైపు చూడలేదు, జరగమనీ అనలేదు.

పాప చెయ్యి పట్టుకుని రెండో పడవ ఎక్కాను. ఎక్కే ముందు ఆ డ్రైవరుతో, "ఒకసారి ఆ నడక పలక తియ్యండి, అడుగు చూడాలి," అన్నాను. అతను విసుక్కున్నాడు. వెనకున్న జనం కూడా విసుక్కున్నారు. కూరగాయలామె ఒక్కతే గంప దించి, "తియ్యవయ్యా, నేనూ చూస్తాను," అంది.